ఒక కుర్చీ, ఇద్దరు గుమాస్తాలు

బుధవారం ఉదయం 11.40 గంటలకు గద్వాలలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తుల కౌంటర్ మూసేసి, ఉద్యోగులకు నవ్వుల కార్యక్రమం మొదలుపెట్టారు. యాభై ఏళ్ల కిందట బ్రిటన్ టీవీలో వచ్చిన హాస్య సన్నివేశాల సంకలనం చూపించారు. నిడివి గంటా పది నిమిషాలు. పని ఒత్తిడి తగ్గించడం ఉద్దేశమని బ్యానర్ మీద రాసి ఉంది.

హాలులో అరవై కుర్చీలు వేశారు. వచ్చిన ఉద్యోగులు పందొమ్మిది మంది. ఫొటోలో ఖాళీ కుర్చీలు పడకూడదని హైదరాబాద్ నుంచి వచ్చిన శిక్షకుడు అన్నాడు. కౌంటర్ ముందు వరసలో ఉన్న నలభై ఒక్క మందిని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు.

వాళ్లలో రాధ, ఆమె భర్త బాలకిష్టయ్య ఉన్నారు. ఇద్దరూ గద్వాల చీరలు నేస్తారు. ఇంట్లో ఉన్నది ఒక మగ్గం. చీర నడుమ ఒక రంగు, అంచులు మరో రంగు. అందుకు పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలు మూడు నడవాలి, ఇద్దరు కూర్చోవాలి. ఇరవై రెండేళ్లుగా కుడి పక్క ఆయన, ఎడమ పక్క ఆమె కూర్చుంటున్నారు. నేత కార్డు ఆయనకే ఉంది.

ఆయన కంటిచూపు తగ్గింది. నేత మానెయ్యమని దవాఖానలో చెప్పారు. ఆయన మానేస్తే మగ్గం ప్రభుత్వ జాబితాలోంచి పోతుంది, సంఘం ఇచ్చే నూలు ఆగుతుంది. రాధకు కార్డు వస్తే ఆగదు. ఆయన చోట కూతురు లహరి కూర్చుంటుంది. రాధ రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. సూపరింటెండెంట్ సతీష్ రెండుసార్లూ తిప్పి పంపాడు. ఫారంలో మగ్గానికి ఒక్క పేరు రాసే గడే ఉంది. కొత్త పేర్ల జాబితా ఆ సాయంత్రం ఐదు గంటలకు మూసేస్తారు. ఆమె మూడో దరఖాస్తుతో వచ్చింది.

తెర మీది మాటలను జూనియర్ అసిస్టెంట్ వర్ష మైకులో తెలుగులో చెప్పింది. సంకలనంలో నవ్వులు కూడా రికార్డు చేసి ఉన్నాయి. అయినా మొదటి ఐదు సన్నివేశాలకు, సతీష్ నవ్వాడో లేదో చూసుకునే ఉద్యోగులు నవ్వారు.

ఆరో సన్నివేశంలో ఒక బ్యాంకు ఉంది. ఒకే కుర్చీ మీద చెరో సగం ఇద్దరు గుమాస్తాలు కూర్చున్నారు. మాటకు మొదటి సగం ఒకడు రాస్తే రెండో సగం రెండోవాడు రాస్తున్నాడు. తనిఖీ అధికారి వచ్చాడు. కుర్చీ ఒకటి కాబట్టి గుమాస్తా ఒకడే అన్నాడు. రెండోవాణ్ణి తన పుస్తకంలో బల్లగా రాసుకుని, వీపు మీద సుద్దతో నంబరు వేశాడు. బల్ల టీ అడిగింది. బల్లలు టీ తాగవని అధికారి చెప్పాడు. ఇద్దరు కూలీలు వచ్చి బల్లను మోసుకుపోయారు. పోతూ కూడా అది రాస్తూనే ఉంది.

సతీష్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. మిగతా పద్దెనిమిది మంది ఉద్యోగులూ నవ్వారు.

ఇటిక్యాల నుంచి వేరే పని మీద వచ్చిన మాసయ్య పక్క కుర్చీ వైపు వంగాడు. “ఏం బాలన్నా, గా తెల్ల సారు మన ఆఫీసుల ఎప్పుడు జేసిండే?”

“నవ్వకు. మనల్నే జూస్తుండ్రు” అన్నాడు బాలకిష్టయ్య.

“నవ్వెతందుకే గద పిలిచిండ్రు.”

“గిండ్ల నవ్వేదేముందన్నా?” అంది రాధ. “పోయిన నెల నాకు గిదే అయింది.”

సంకలనం అయిపోయాక, ఏది నచ్చిందో ఎందుకు నచ్చిందో చెప్పమని శిక్షకుడు అడిగాడు. ముందు సతీష్ లేచాడు.

“గా బ్యాంకుది సార్. ఇద్దరు మనుషులు కండ్ల ముందట పని చేస్తుండ్రు. వీడు ఒక్కడే అంటడు. గంత తెలివి తక్కువోడు యాడనన్న ఉంటడా?”

చప్పట్లు కొట్టారు. ప్రజల నుంచి కూడా ఒకరు మాట్లాడాలని శిక్షకుడు అన్నాడు. రాధ లేచి మైకు అందుకుంది.

“నాకు గూడ గా బ్యాంకుదే సార్. మా మగ్గం మీద ఇద్దరం కూసుంటం. గీ సతీష్ సారు నాకిచ్చిన కాగితం సదువుత.” సంచిలోంచి తీసి చదివింది. “‘మగ్గం ఒకటి. నేత కార్మికుడు ఒకరు. దరఖాస్తుదారు సహాయకురాలు మాత్రమే. తిరస్కరించడమైనది.’ నేను లేస్తే అంచు పడదు సార్. ఆయన లేస్తే నడుమ పడదు. గా బల్లకు నంబరన్న ఏసిండ్రు. నాకు గది గూడ ఎయ్యలే.”

హాలంతా నవ్వింది. సతీష్ కూడా నవ్వాడు.

“ప్రాక్టీస్ లేకుండా ఎంత బాగా చేసిందో చూశారా!” అన్నాడు శిక్షకుడు. మొదటి బహుమతి ఆమెకే అని ప్రకటించాడు.

“యాక్టింగ్ గాదు సార్” అంది రాధ. ఇంకోసారి నవ్వారు.

వర్ష ప్రశంసాపత్రం తీసింది. “అక్కా, ఏం పనని రాయాలె?”

“నేత.”

‘శ్రీమతి రాధ, నేత కార్మికురాలు’ అని వర్ష రాసింది. సతీష్ సంతకం పెట్టి ముద్ర వేశాడు. మధ్యాహ్నం 1.10 అయింది. ఫొటో తీశారు.

కౌంటర్ 2.30కి తెరిచారు. 3.10కి రాధ వంతు వచ్చింది. దరఖాస్తుకు ప్రశంసాపత్రం జతచేసి సతీష్ ముందు పెట్టింది.

“ఇదెందుకు పెట్టినవమ్మా?”

“నేత కార్మికురాలని మీరే రాసిచ్చిండ్రు గద సార్. గీడ మీ సంతకం, మీ ముద్ర.”

“అది కామెడీకి ఇచ్చింది. దీనికి పనికిరాదు.”

“మరి ఆయన పేరు తీసి నా పేరన్న రాయండ్రి సార్.”

“పేరు మార్చాలంటే కార్డున్న మనిషి చనిపోవాలె. చనిపోయినంక రా, చేసిస్త.”

“నేను గీడనే ఉన్న సార్” అన్నాడు బాలకిష్టయ్య.

“అందుకే గద వీలు గాదనేది” అన్నాడు సతీష్. తరువాతి మనిషిని పిలిచాడు.

జాబితా ఐదు గంటలకు మూసేశారు. రాధ వాళ్ల ఇంటి నంబరు ఎదురుగా మగ్గాలు 1, నేత కార్మికులు 1, పేరు బాలకిష్టయ్య అని ఉంది.

నవ్వుల కార్యక్రమం నివేదిక 5.15కి పై అధికారులకు వెళ్లింది. సంతకం సతీష్‌ది. అందులో కుర్చీలు 60, హాజరైన ఉద్యోగులు 60 అని ఉంది.