పెరుగు డబ్బాలో మడ బురద

అమెరికాలోని మోరిస్‌విల్ లాబ్‌లో నా పని బాక్టీరియాను వెతకడం. ఫ్లోరిడా మడ అడవుల బురదలో చమురును తినే రకం దొరుకుతుందని మూడేళ్లుగా చెబుతున్నాను. ఈ శుక్రవారంలోగా చూపించకపోతే ప్రాజెక్ట్ మూసేస్తామన్నాడు మేనేజర్. అది పోతే నా ఉద్యోగమూ పోతుంది.

అందుకే నేనే వెళ్లి బురద తెచ్చాను. దారిలో సీసా పగిలితే, పెరుగన్నం తిని కడిగిన డబ్బాలోకి మార్చాను. డాక్టరేట్ చేసినదాన్ని, దాని మీద పేరు రాయాలని తోచలేదు. ఆదివారం విమానం దిగి నేరుగా మా తెలుగు చర్చికి వెళ్లాను. కారులో వేడికి పాడవుతుందని డబ్బాను వంటగది ఫ్రిజ్‌లో పెట్టాను.

మా చర్చిలో ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందు అయ్యాక మిగిలిన కూరలు పెరుగు డబ్బాల్లోకి ఎత్తి తలా ఒకటి ఇచ్చి పంపుతారు. ఆ సంగతి నాకు తెలియదా? పదేళ్లుగా నేనూ పట్టుకెళ్తున్నాను. పాటల ప్రాక్టీస్ ముగించుకుని వచ్చేసరికి ఫ్రిజ్ ఖాళీ.

వాట్సాప్ గ్రూప్‌లో అడిగాను. పప్పు, సాంబారు, చేపల పులుసు ఫొటోలు వచ్చాయి. బురద ఫొటో రాలేదు. ఎవరో సింక్‌లో పోసేసి ఉంటారని ఏడుపొచ్చింది. జవాబివ్వని వాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్లాను. చివరిది మణి ఆంటీ ఇల్లు.

"వందనాలు షారన్. గ్రూప్‌లో నీ మెసేజ్ ఇప్పుడే చూశాను. ఆ బురద నీదా?" అంది తలుపు తీస్తూనే. "కుళ్లిన గుడ్డు వాసన, పారేయమన్నారు మీ అంకుల్. నేనే పారేయనివ్వలేదు. చిన్నప్పుడు మా కోరంగి మడ అడవిలో పీతల కోసం మోకాల్లోతు దిగేవాళ్లం. అచ్చం ఇదే వాసన."

ఫ్రిజ్ పై అరలో, రెండు చుట్లు టేపు వేసి ఉంది నా డబ్బా. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మూత చాలాసేపు తీశారా ఆంటీ? గాలి తగిలితే కొన్ని చచ్చిపోతాయి."

"అంకుల్‌ని ముట్టుకోనివ్వలేదమ్మా." ఆవిడ తల దించుకుంది. "నేను మాత్రం రెండుసార్లు వాసన చూశాను."

శుక్రవారం పొద్దున లాబ్‌లో, ఆ బురద వేసి చమురు పూసిన గాజు ప్లేట్‌లో తెల్లటి బాక్టీరియా చుక్కలు లేచి ఉన్నాయి. వాటి చుట్టూ చమురు పోయి తేటగా కనిపించింది. మేనేజర్ రెండుసార్లు చూసి, కంటిన్యూ చేయమన్నాడు. మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చి, మణి ఆంటీకి ఫోన్ చేశాను.

"బతికే ఉన్నాయా?"

"ఉన్నాయాంటీ. నా ఉద్యోగం కూడా ఉంది."

"దేవునికి స్తోత్రం." అంది ఆవిడ. "నీ పనైపోయాక ఆ డబ్బా ఓసారి తెస్తావా అమ్మా? మూత తీసి వాసన చూసి ఇచ్చేస్తాను."