బుచ్చవ్వ చీర అంచు

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? ముందు ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పుకోవాలి. అన్యాయం జరిగింది ముత్యానికి. పెద్దపల్లి మిషన్ దవాఖాన వరండాలో పదిహేనేళ్ళుగా వేలాడుతున్న, కానుపులు చేసే ఆయమ్మ బుచ్చవ్వ బొమ్మను గీసినవాడు ముత్యం. దాని కింద ఉన్న పేరు లింగమూర్తిది. ఆ పేరును పొందికైన నల్లటి అక్షరాలతో అక్కడ రాసింది కూడా ముత్యమే.

ఆ పొద్దున ముత్యం తన ఇంటి అరుగు మీద ఒక రేకు పలకను గోడకు చేరవేసి, సుద్దపొడిలో దొర్లించిన నూలుదారం ఒక కొసను భార్య అనసూర్య చేతికిచ్చాడు. రెండో కొసను తాను బొటనవేలితో అదిమిపట్టి, దారాన్ని నడుమ పైకి లాగి వదిలాడు. టప్పుమని రేకు మీద తెల్లటి గీత పడింది. సైకిలు దుకాణం బోర్డు అది. అక్షరాలు ఆ గీత మీద నిలబడాలి. ముత్యం సన్నటి మనిషి, బోర్డుల ముందు వంగి వంగి మెడ కొంచెం ముందుకు సాగింది. కళ్ళద్దాల కాడ విరిగిపోతే నూలుతో చుట్టుకున్నాడు. చెవి మీద ఎప్పుడూ ఒక కుంచె ఉండేది; అది లేనినాడు చెవి బోసిపోయినట్టు కనిపించేది.

"దీని తర్వాత యాడికి?" అంది అనసూర్య.

"దవాఖానకు. ఇయ్యాల బుచ్చవ్వ కొలువు దిగుతుంది గదా. బొమ్మ కింద పేరు మాసిపోయిందట. మల్ల రాయాలె."

అనసూర్య దారం వదిలేసింది. "ఎవలి పేరు?"

"ఎవలిదుంటే వాళ్ళదే."

"ఒకపారి రాసింది సాలలేదా? గా చెయ్యి నీదా, కిరాయిదా?"

"చెయ్యి నాదే. రంగు దవాఖానోళ్ళది."

"నవ్వు, నవ్వు. నవ్వుకుంటనే బతుకంత రేకుల మీద ఎల్లదీస్తివి."

ఆ మాట అబద్ధం కాదు. కానీ ముత్యానికి నవ్వు పుట్టుకతో వచ్చింది, దాన్ని ఎక్కడ దాచుకోవాలో ఆయనకు తెలియదు. కొత్త బోర్డు ఎండలో ఆరుతూ మెరుస్తుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని బీడీ ముట్టించడం ఆయనకు పండుగ. మిగతా లోకం తనకు ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు అన్న లెక్క ఆయన భార్య చూసుకునేది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ముత్యం లింగమూర్తి దుకాణంలో పని చేసేవాడు. బోర్డుల మీద ఉర్దూను కుడి నుంచి, తెలుగును ఎడమ నుంచి మొదలుపెట్టి రెండూ నడుమ సరిగ్గా కలిసేలా రాసేవాడు. మనుషుల బొమ్మలు మాత్రం ఉస్తాదు లింగమూర్తి పని. దవాఖానవాళ్ళు బుచ్చవ్వ బొమ్మ కావాలని చెప్పిపోయిన కొద్దికాలానికే లింగమూర్తికి కామెర్లు సోకాయి. ఆయన మంచం మీద పడి ఉండగా ముత్యం బట్ట బిగించి, ఉస్తాదు కర్ర మీద మణికట్టు ఆనించి, కానుపుకూ కానుపుకూ నడుమ బుచ్చవ్వ కూర్చున్నంతసేపే చూసి బొమ్మ పూర్తి చేశాడు. లేచి వచ్చిన లింగమూర్తి దాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. తరువాత, "పేరు రాయి" అన్నాడు. దుకాణంలో ఎవరు గీసినా పేరు ఉస్తాదుదే; ఆ వృత్తిలో నడిచే పద్ధతి అది. అక్షరాలు ఎవరు బాగా రాస్తే వారే ఆ పేరు రాయాలన్నది కూడా పద్ధతే. "వచ్చే బొమ్మకు నీ పేరు పెడత" అని లింగమూర్తి మాట ఇచ్చాడు. వచ్చే బొమ్మ ముత్యం చేతికి రాలేదు. రేకులే వచ్చాయి. కొన్నాళ్ళకు ముత్యం తన కుంచెలు మూటకట్టుకుని వేరుపడ్డాడు.

ఆ బొమ్మలో ఒక తప్పు ఉంది. బుచ్చవ్వ ముఖాన్ని ముత్యం చూసి గీశాడు. చేతులను చూసి గీశాడు. చీర అంచు దగ్గరికి వచ్చేసరికి చూడవలసిన అవసరమే తోచలేదు. ఆయన పుట్టింది నేతగాళ్ళ ఇంట్లో. తండ్రి మగ్గం పక్కన పాకి పెరిగాడు. వాళ్ళ మగ్గం మీద అంచు పువ్వులు కిందికి తిరిగి పడేవి. నేసేవాడికి పైన కనిపించేది ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు వేలాడే వదులు పోగులే. చీర ముఖం కొన్నవాళ్ళకు, వీపు నేసినవాళ్ళకు. ముత్యం చేయి తనకు తెలిసిన అంచునే, పోగు పోగుగా, ఎర్రగా, ఎంతో ప్రేమగా గీసింది. బొమ్మలో బుచ్చవ్వ చీర తిరగేసి కట్టుకుంది.

ఊరు ఆ అంచును చూసి ఊరుకోలేదు. ఎవరో లింగమూర్తిని అడిగారు. అంచు ఎందుకలా ఉందో ఆయనకూ తెలియదు. "ఆమె గట్లనే కట్టుకున్నది, నేను గట్లనే గీసిన" అనేశాడు. ఇంకేముంది? కానుపు కబురు వస్తే చీర సోయి కూడా లేకుండా పరుగెత్తిన సేవకురాలని క్రైస్తవుల గుడిలో బోధకుడు ప్రసంగంలో చెప్పాడు. తల్లులు ఆడబిడ్డలకు చెప్పారు. వాళ్ళు పెళ్ళి చేసుకుని, మొదటి కానుపుకు దవాఖానకు వచ్చి, నొప్పుల నడుమ కూడా బుచ్చవ్వ అంచు వైపే చూసేవారు.

ముత్యం వెళ్ళేసరికి వరండాకు కొత్తగా సున్నం వేసి ఉంది. పెద్ద నర్సు సంతోషమ్మ గోడకు మూడు బొమ్మలు వరుసగా పెట్టించింది. ఒకటి దవాఖానది. రెండోది కిరాణం కైలాసం ఇంటిది. తన కొడుకులందరికీ బొడ్డు కోసినందుకు ఆయన లింగమూర్తి చేత తరువాతెప్పుడో గీయించుకున్నాడు. మూడోది గుడి నుంచి తెచ్చింది, అబ్రహాం అనే కుర్రవాడు గీసినది. మూడూ ఒక గోడ మీదికి రావడం అదే మొదలు.

ముత్యం రంగు డబ్బా కింద పెట్టి మూడింటినీ చూశాడు. కైలాసం ఇంటి బుచ్చవ్వ మెరుస్తోంది. లింగమూర్తి బంగారం పని చేసే ఔసుల ఇంట్లో పుట్టినవాడు. ముక్కుపుల్ల మీద వెలుగు చుక్కను, మెడలో నల్లపూసల నడుమ సన్నటి తీగను, చివరికి చేతిలోని ఇత్తడి చెంబు అంచును కూడా కొలిమిలోంచి అప్పుడే తీసినట్టు గీశాడు. అబ్రహాం తండ్రి ఊరూరా కాలినడకన తిరిగిన బోధకుడు. అబ్రహాం బొమ్మలో ముఖం కొంత నీడలో ఉంది. వెలుగంతా పాదాల మీద. పగిలిన మడమలు, దుమ్ము, తొక్కిన ముల్లు మచ్చతో సహా ఉన్నాయి. ముత్యం గీసిన దవాఖాన బొమ్మలో బుచ్చవ్వ ఒళ్ళంతా బట్టే. ఉతికి ఉతికి పలచబడ్డ మోకాళ్ళ దగ్గరి నేత, భుజం మీద కుట్టిన చిరుగు, ఆ బట్టలోంచి మొలిచినట్టు మెత్తటి ముఖం. ఉన్నది ఉన్నట్టే గీశామని ముగ్గురూ ప్రమాణం చేయగలరు. ఏ ప్రమాణమూ అబద్ధం కాదు.

సంతోషమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని దవాఖాన బొమ్మనూ కైలాసం ఇంటి బొమ్మనూ మార్చి మార్చి చూసింది. ఆమె ముందు దవాఖానలో ఈగ కూడా అనుమతి లేకుండా వాలదని అంటారు.

"ముత్యం, గివి రెండు ఒక్కని చెయ్యేనా?"

"పేరైతే ఒక్కటే ఉన్నది సిస్టర్."

"నేనడిగింది పేరు గాదు."

ముత్యం బదులు చెప్పేలోగా బుచ్చవ్వ వచ్చింది. ఎవరిదో మూడేళ్ళ పిల్లను చంకన వేసుకుని, కొత్త చీర గరగరలాడించుకుంటూ, పళ్ళు లేని నోటితో నవ్వుతూ వచ్చింది. ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడ్డవాళ్ళు వెనక గుంపుగా ఉన్నారు.

"అయ్యో, ముగ్గురు బుచ్చవ్వలా! ఒక్కదానికే జీతం సాలక సస్తుంటే." లింగమూర్తి బొమ్మ దగ్గరికి వెళ్ళి ముక్కు తడుముకుంది. "గీ బంగారమంత నాకెవడు పెట్టిండు కొడుకా? చెప్తే పోయి తెచ్చుకుంట." అబ్రహాం బొమ్మ చూసి, "గీ పిలగానికి నేను ఎన్నడు మొహం సూపియ్యలేదా, కాళ్ళే సూపిచ్చిన్నా?" అంది. గుంపు విరగబడి నవ్వింది. దవాఖాన బొమ్మ ముందు ఆమె నవ్వు ఆగింది. చిరుగును వేలితో తాకింది.

"గిది నేను. గీ చిరుగు నాకెరికే, నేనే కుట్టుకున్న." వెంటనే కోపం వచ్చింది. "గని నేను చీర తిరగేసి కట్టలే! పదిహేనేండ్ల సంది జెప్తున్న, ఒక్కడు ఇనడు. ఎంత పరేషానున్నా ఆడిది అంచు సూసుకోకుండ కట్టుకుంటదా? ఇయ్యాల నేను కొలువు దిగుతున్న. ఇయ్యాలన్న జెప్పుండ్రి, నా చీర ఎవడు తిరగేసిండు?"

గుంపు వెనక దగ్గు వినబడింది. లింగమూర్తి వచ్చి ఉన్నాడు. ముడతలు పడ్డ తెల్లటి లాల్చీ, ఒక చేతిలో మూట, ఇంకో చేతిలో బొమ్మ గీసేటప్పుడు చేయి ఆనించుకునే పొన్నుకర్ర. దుకాణం మూసివేసి మంచిర్యాలలో ఉన్న బిడ్డ దగ్గరికి పోతున్నాడు. రైలుకు ముందు బుచ్చవ్వను చూసిపోదామని వచ్చాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. బొమ్మ కింద పేరు ఆయనదే మరి.

ముత్యం కుంచెను నల్లరంగులో ముంచి పట్టుకుని ఉన్నాడు. మాసిన పేరు మీదికి కుంచె పోవాలి. పోతే బుచ్చవ్వ ఇంటికి వెళ్ళిపోయిన తరువాత కూడా చీర తిరగేసుకునే ఉంటుంది. నిజం చెబితే ఉస్తాదు ఇంతమంది ముందు తలవంచాలి. కిరాయి చెయ్యా, నీదా అని అనసూర్య అన్న మాట చెవిలో గుయ్యిమంది. ఆయన కుంచెను డబ్బా మీద అడ్డంగా పెట్టాడు.

"అవ్వా, నీ చీర తిరగేసింది నేనే" అన్నాడు. "నాకు అంచు గట్లనే ఎరుక. మా బాపు మగ్గం మీద గట్లనే కనబడేది. కండ్లు నిన్ను సూసినయ్, చెయ్యి మాత్రం ఇంటికి పోయింది. తప్పు నాది."

కీర్తి అడగకుండా తప్పు మాత్రమే అడిగి తీసుకున్న మనిషిని చూడడానికి గుంపు ముందుకు జరిగింది. బుచ్చవ్వ ఆయన చెవి పట్టుకుంది.

"దొంగసచ్చినోడా! పదిహేనేండ్లు నన్ను మతిలేనిదాన్ని జేస్తివి గదరా!" అని చెవి మెలిపెట్టి, ఆ చేత్తోనే గడ్డం పుణికింది. "గని బిడ్డా, గింత మంచిగ ఎట్ల గీసినవురా నన్ను?"

లింగమూర్తి మూట కింద పెట్టాడు. "జర జరుగుండ్రి" అన్నాడు. బొమ్మ ముందుకు వచ్చి, ముత్యం వైపు చూడకుండా బొమ్మతోనే మాట్లాడినట్టు మాట్లాడాడు.

"దీని పేరు మీద నేను బతికిన. గని ఎవలొచ్చినా, 'దవాఖాన బుచ్చవ్వ లెక్క గియ్యి' అంటరు. నాకు రాదు. ఎన్నిసార్లు గీసినా ముక్కుపుల్లే ముందొస్తది. కైలాసం సేటు సుత అదే అన్నడు, గంత మంచిగ రాలేదని. నా పేరుతోనే నన్ను కొట్టిన్రు." ఆయన చేయి చాచాడు. "కుంచె ఇయ్యి."

"ఉస్తాద్, ఇప్పుడెందుకు..."

"నువ్వు రాస్తే నీకు నువ్వే ఇచ్చుకున్నట్టయితది. నేనియ్యాలె."

ముత్యం పాత పేరును రంగును కరిగించే తార్పీను నూనె గుడ్డతో తుడిచాడు. లింగమూర్తి కుంచె పట్టుకుని ముందుకు వంగాడు. ముత్యం పొన్నుకర్రను అందుకుని, ఒకప్పుడు దుకాణంలో పట్టుకున్నట్టే, ఉస్తాదు మణికట్టు కింద అడ్డంగా పట్టుకున్నాడు. లింగమూర్తికి అక్షరాలు ఎన్నడూ కుదరలేదు. ఆయన రాసిన 'ముత్యం' ఒకవైపుకు ఒరిగింది, సున్న ముక్కుపుల్లంత చిన్నగా వచ్చింది, తలకట్టు నగ కొక్కెంలా మెలి తిరిగింది. ఎవరి చేయో చెప్పడానికి దానికింద ఇంకో పేరు అక్కర్లేదు.

"ముట్టిందా?" అన్నాడు లింగమూర్తి.

"ముట్టింది ఉస్తాద్. మొత్తం ముట్టింది."

సంతోషమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. తరువాత తనమీద తనకే కోపం వచ్చినట్టు, "నిలవడ్డరేంది, గుడాలు చల్లారుతున్నయ్" అని గదమాయించింది. విస్తరాకుల్లో ఉడికించిన శనగ గుడాలు, బెల్లం ముక్కలు అందరి చేతుల్లోకి వచ్చాయి. బుచ్చవ్వ తన అంచును ముఖం వైపు, వీపు వైపు తిప్పి తిప్పి వచ్చినవాళ్ళందరికీ చూపించింది. కబురు విని పరుగున వచ్చిన అనసూర్య బొమ్మ కింద వంకర అక్షరాలను చదివింది. "గింత ఖరాబు రాత ఎవలిది?" అంది. చెప్పారు. ఆమె మళ్ళీ చదివింది. చదువుతున్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

ఆ సందడిలో లింగమూర్తి ఎప్పుడు మూట అందుకున్నాడో ఎవరూ చూడలేదు. స్టేషను వైపు నుంచి కూత వినిపించింది. మంచిర్యాల పోయే బండి వంతెన దాటి ఉత్తరానికి సాగిపోయింది.

"అయ్యో, ఉస్తాదు కర్ర మరిచిపోయిండు" అంది అనసూర్య.

"మరువలే" అన్నాడు ముత్యం.

సున్నం ఆరని గోడకు, బుచ్చవ్వ బొమ్మ కింద, పొన్నుకర్ర ఒరిగి ఉంది. బొమ్మకు గీరుకోకుండా దాని కొసకు చుట్టిన గుడ్డముడిలో, ఆ చీర అంచు ఎరుపు ఇంకా కొద్దిగా మిగిలి ఉంది.