పెట్టెలో లేని పట్టా

నీలంలో ముంచిన చొక్కాలను ఒక్కొక్కటే గంజిలో అద్ది పిండుతుండగా మా ఆయన పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో పెన్నూ, తెల్లకాగితమూ ఉన్నాయి.

"ఫ్రెంచి విప్లవానికి కారణాల్లో రొట్టెల కరువు ఎన్నోది, కుమారీ?"

"మొదట అదే చెప్పండి. పిల్లలకు ఆకలి సంగతి త్వరగా ఎక్కుతుంది. రాజుగారి దుబారా ఆ తర్వాత చెప్పొచ్చు" అన్నాను.

ఆయన కాగితాన్ని గోడకు ఆనించి రాసుకున్నారు. "కాలరు దగ్గర గంజి కాస్త చిక్కగా పట్టించు. నిన్న మధ్యాహ్నానికే మెత్తబడిపోయింది" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం తరగతిలో పిల్లలు కదలకుండా విన్నారని అన్నం తింటూ ఆయనే చెప్పారు. చెబుతున్నప్పుడు ఆ ముఖం ఎంత కళగా ఉందో. నేను మజ్జిగ పోశాను.

మా ఆయన రాజారత్నం తెనాలిలో ఒక ప్రైవేటు ట్యుటోరియల్ కాలేజీలో హిస్టరీ లెక్చరర్. వీధి గుమ్మం పక్కన ఆయన పేరు, పేరు పక్కన ఎం.ఏ. అని బోర్డు ఉండేది. నిజానికి ఆయన ఎం.ఏ. పాసవలేదు. వాల్తేరులో రెండేళ్లు చదివి, ఫైనల్ తప్పి, మళ్లీ పరీక్షకు కట్టకుండా వచ్చేశారు. పెళ్లినాటికి ఈ సంగతి మాకు తెలియదు. మా నాన్న ఇస్సాకు రేపల్లెకు దిగువన ఒక మిషన్ బడిలో మేష్టారు. బి.ఏ. చదివిన కూతురికి ఎం.ఏ. చదివిన అల్లుడు దొరికాడని ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతటికీ చెప్పుకున్నాడు.

పెళ్లయిన కొత్తలోనే ఆయన నాకు చెప్పేశారు. అప్పుడే ఉద్యోగంలో చేరారు. దరఖాస్తులో ఎం.ఏ. అని రాస్తే ఎవరూ కాగితాలు అడగలేదు. మొదటి పాఠం ముందు రోజు పుస్తకం ముందేసుకుని, చెమటలు తుడుచుకుంటూ, "చదివింది మళ్లీ చెప్పడం నాకు రాదు కుమారీ. అసలు నేను ఫైనల్ పాసవలేదు" అన్నారు. ఆ మనిషిని చూస్తే జాలేసింది. నాకప్పుడు ఇరవై రెండు కూడా నిండలేదు. మగవాడు ఎవరికీ చెప్పని మాట నాకు చెప్పడమే ప్రేమ అనుకున్నాను. పుస్తకం నావైపు లాక్కున్నాను. అంతే, అది మళ్లీ ఆయనవైపు వెళ్లలేదు. చారు పొంగుతుందేమో చూసుకుంటూ మొగలుల పన్నుల పద్ధతి గురించి, చంటిపిల్లను ఒళ్లో వేసుకుని ప్రపంచయుద్ధాల గురించి ఆయనకు చెప్పేదాన్ని. ఆయన రాసుకునేవారు. కొన్నాళ్లకు "నువ్వే రాసి పెట్టెయ్" అన్నారు. రాసి పెట్టేదాన్ని. టిఫిన్ డబ్బా పక్కన కాగితాలు కూడా సర్దడం నా పొద్దుటి పనుల్లో ఒకటైపోయింది.

ఆయన చెడ్డవాడు కాదు. తాగరు, చెయ్యెత్తరు. ఈ మాట నాకు నేను చెప్పుకోవలసిన అవసరం లేకుండా మా అత్తయ్య సుగుణమ్మగారు రోజూ గుర్తుచేసేది. ఆవిడే ఇంటికి ఎవరొచ్చినా, "మా కోడలు పదో క్లాసు చదివింది. ఇంటిపనికి అంత చాలు కదా" అనేది. మొదటిసారి మరిచిపోయి అన్నదేమో అనుకున్నాను. వచ్చినవాళ్లు వెళ్లాక, "అత్తయ్యా, నేను బి.ఏ. అండి" అన్నాను.

"తెలుసులే అమ్మాయ్. బి.ఏ. అంటే ఉద్యోగం చెయ్యదేం అంటారు. నువ్వు ఉద్యోగానికి పోతే ఈ ఇల్లు ఎవరు చూస్తారు?"

ఆయన కారణం వేరు. "నువ్వు ఏ కాలేజీ, ఏ సంవత్సరం అని మొదలుపెట్టి చివరికి నా చదువు దగ్గరకు వస్తారు. ఆ గొడవంతా ఎందుకు?" అనేవారు. డెబ్బై ఒకటిలో జనాభా లెక్కల మనిషి వచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను కాఫీ పట్టుకుని తలుపు వెనకాల నిలబడ్డాను. "నేను ఎం.ఏ. మా ఆవిడ ఎస్సెల్సీ" అని చెప్పారు మా ఆయన, ఏ తడబాటూ లేకుండా. "అమ్మగారు ఏం చేస్తారండి?" అని అతను అడిగాడు. "ఏముంది, ఇంట్లోనే" అన్నారు. "అయితే పని చెయ్యనివారు అని రాస్తున్నానండి" అన్నాడతను, మర్యాదగానే. అంతకు కాసేపటి ముందే ఆయన మర్నాటి పాఠం రాసి ముగించాను. కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి లోపలికి వచ్చేశాను. ఒకే ఇంట్లో ఒకరి చదువు అంతలా పెరగాలంటే ఇంకొకరిది తరగక తప్పదేమో అనిపించింది. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా నాకు ఒక పేరో హోదానో ఉండాలేమో.

నా బి.ఏ. పట్టా తెనాలిలో లేదు. కాపురానికి వచ్చేటప్పుడే ఆయన, "అవన్నీ అక్కడికెందుకు, మీ నాన్న దగ్గర భద్రంగా ఉంటాయి" అన్నారు. నాన్న దాన్ని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో బైబిలు కింద పెట్టాడు. ఊళ్లోకి కొత్త పాస్టరుగారు ఎవరొచ్చినా తీసి చూపించేవాడట.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. మా ఊళ్లో ఇళ్లు, గొడ్లు, బడి అన్నీ పోయాయి. నీళ్లు రావడం చూసి నాన్న అమ్మను గ్రామ మునసబుగారి మేడమీదికి ఎక్కించాడు. "పెట్టె తెస్తాను, నువ్వుండు రిబ్కా" అని వెనక్కి వెళ్లాడు. పెట్టె దొరకలేదు. నాన్న శవం ఊరికి చాలా దూరంలో దొరికింది. అమ్మను తెనాలి తీసుకొస్తానంటే అమ్మ రానంది. ఆయన్ని పెట్టిన చోటు వదిలి ఎక్కడికీ రానంది.

మరుసటి వేసవిలో ట్యుటోరియల్ యజమాని వెంకట్రామయ్యగారు కాలేజీకి ప్రభుత్వం ఎయిడ్ తెచ్చే ప్రయత్నంలో పడ్డారు. లెక్చరర్లందరూ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలన్నారు. మా ఆయన ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. మర్నాడు సాయంత్రం మాత్రం తేలికపడ్డ ముఖంతో వచ్చారు.

"ఉప్పెనలో కాగితాలు పోయినవాళ్లు మునసబు దగ్గర రాయించుకొస్తే ప్రస్తుతానికి సరిపోతుందట. మీ నాన్న పెట్టెలో నావి కూడా ఉన్నాయని నువ్వు చెప్తే చాలు."

నేను చేతిలో ఉన్న చొక్కా మడతపెట్టాను.

"పెట్టె పోయిన మాట నిజం. మామగారు పోయిన మాట నిజం. కలిపేది ఒక్క ముక్కే కదా. ఆయన లేరు, ఇంకెవర్ని అడుగుతారు?" అన్నారు.

అత్తయ్య వంటింట్లోంచే, "మొగుడి కోసం ఒక్క మాట చెప్పలేనంత గొప్పదానివా?" అంది.

చెబుదామనే బయల్దేరాను. ఈ మాట దాచను. ఇద్దరు పిల్లలు, ఆయన జీతం తప్ప వేరే ఆధారం లేదు. తెనాలిలో రైలెక్కినప్పటి నుంచి రేపల్లెలో దిగేదాకా ఆయన నాకు ఆ మాట ఎలా చెప్పాలో నేర్పుతూనే ఉన్నారు. ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పాలో, ఎక్కడ ఆగాలో. పాఠం ఇంత బాగా చెప్పగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మ కొత్తగా వేసిన తాటాకు పాకలో ఉంది. సంగతి విని నా చెయ్యి పట్టుకుంది. "అల్లుడుగారి ఉద్యోగం పోతే మీరేం తింటారే? ఉన్నాయని నేనూ చెబుతాలే. మీ నాన్న ఉంటే ఆయనా అదే చెప్పేవాడు" అంది. నాన్న చెప్పేవాడా? బడిలో కాపీ కొట్టిన పిల్లాడి ముందు తనే తప్పు చేసినట్టు తలొంచుకునే మనిషి. అయినా నా కోసం చెప్పేవాడేమో. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

మునసబు వెంకటప్పయ్యగారు అరుగుమీద చాప వేయించి మమ్మల్ని కూర్చోబెట్టారు. వచ్చిన సంగతి మా ఆయన చెప్పగానే కళ్లజోడు పెట్టుకుని కాగితం తీశారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. "మీరుండండి బాబూ. పెట్టె వాళ్ల నాన్నది, అమ్మాయిని చెప్పనీండి" అని మునసబుగారు నావైపు తిరిగారు. "ఏమేం ఉన్నాయమ్మా అందులో?"

"బైబిలు ఉందండి. అమ్మ పెళ్లిచీర. నాన్న సర్వీసు కాగితాలు. నా బి.ఏ. పట్టా."

ఎన్నో ఏళ్ల తర్వాత ఆ మాట నా నోటితో పైకి అన్నాను.

"అవునవును. ఇక్కడే కూర్చుని చెప్పేవాడు మేష్టారు. మా అమ్మాయి ఫస్టు క్లాసు అని" అన్నారు మునసబుగారు రాస్తూనే. "అల్లుడుగారి ఎం.ఏ. కాగితాలు కూడా అందులోనే ఉన్నాయంటగా?"

"ఉన్నాయి బాబుగారూ" అనబోయింది అమ్మ. సగం మాటలోనే ఆమె మోకాలిమీద చెయ్యి వేశాను. నాన్న వెనక్కి వెళ్లింది చీర కోసం కాదు, సర్వీసు కాగితాల కోసమూ కాదు. అది అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన ప్రాణం మీదికి తెచ్చుకున్న కాగితం పక్కన, ఎన్నడూ లేని కాగితాన్ని తెచ్చి పెట్టడానికి నాకు నోరు రాలేదు.

"ఆయనవి లేవండి. పట్టా నాది ఒక్కటే" అన్నాను.

మునసబుగారు తలెత్తి మా ఆయన వైపు చూశారు. నేను చెప్పినంతవరకే రాసి, సంతకం చేసి నా చేతికిచ్చారు.

తిరుగు రైల్లో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. రేపల్లె దాటాక చాలాసేపటికి, "ఆ పట్టా నీకిప్పుడు ఎందుకు? ఇన్నేళ్లలో దాంతో ఒక్కసారైనా అవసరం పడిందా?" అన్నారు.

"పడిందండి. రోజూ పడింది" అన్నాను.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు దిగులుగా తిరిగి, చివరికి మా ఆయనే వెళ్లి వెంకట్రామయ్యగారికి నిజం చెప్పుకున్నారు. ఆ పెద్దమనిషి అల్లరి చెయ్యలేదు. లెక్చరర్ పని తీసేసి, మెట్రిక్ తప్పిన పిల్లల ట్యూషన్లకు పెట్టుకున్నారు. అత్తయ్య నాతో మాటలు మానేసింది. ఒక పొద్దున ఆయన అలవాటుగా కాగితం పట్టుకుని పొయ్యి దగ్గరకు వచ్చారు. నేను తలెత్తి చూశాను. కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, పుస్తకం తనే తెరుచుకున్నారు. నాకు గెలిచినట్టు అనిపించలేదు. నడుము మీద నుంచి బిందె దించినట్టు మాత్రం అనిపించింది.

మునసబుగారు రాసిచ్చిన కాగితం జతచేసి పంపితే యూనివర్సిటీ నుంచి నా పట్టాకు నకలు వచ్చింది. బాపట్లలో ఒక ప్రైవేటు ఆడపిల్లల స్కూల్లో హిస్టరీ టీచరు కావాలని, ట్రైనింగు లేకపోయినా ఏడాదికి తీసుకుంటామని తెలిసింది. దరఖాస్తు నేనే రాసి పంపాను. ఇంట్లో చెప్పాను, అడగలేదు. ఇంటర్వ్యూ రోజున పొద్దుటి ప్యాసింజర్‌లో ఒక్కదాన్నే బాపట్ల వెళ్లాను. పెళ్లయ్యాక ఒక్కదాన్నే రైలెక్కడం అదే మొదలు.

హెడ్‌మిస్ట్రెస్ సరోజినిగారు పెద్దావిడ. నా కాగితాలు తీరిగ్గా చూశారు.

"చదువు బాగానే ఉందమ్మా. అనుభవం దగ్గర ఏమీ రాయకుండా వదిలేశారేం?"

"ఏం రాయాలో తెలియక వదిలేశానండి."

"అంటే ఇంతవరకు ఎక్కడా పాఠాలు చెప్పలేదా?"

లేదండి అంటే సరిపోయేది. ఆ మాట నా తరఫున ఇన్నేళ్లూ అందరూ చెబుతూనే వచ్చారు. ఇక నా నోటితో నేను కూడా చెప్పాలా అనిపించింది.

"చెప్పానండి. తెనాలిలో. పదకొండేళ్లు."

"ఏ స్కూల్లో?"

"స్కూల్లో కాదండి, మా వంటింట్లో. పాఠం నేను తయారుచేసి ఇస్తే, మావారు కాలేజీకి తీసుకెళ్లి చెప్పేవారు."

ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి నన్ను చూశారు. నవ్వుతారేమో, లేచి వెళ్లమంటారేమో అనుకున్నాను. ఆవిడ పెన్ను చేతిలోకి తీసుకుని అడిగారు.

"మరి జీతం ఎంత ఇచ్చేవారమ్మా?"

"ఇవ్వలేదండి" అన్నాను. "అందుకే మీ దగ్గరకు వచ్చాను."