వారంటీలో లేని గొంతు

నెత్తళ్ళ తలలు తుంచుతూనే జ్ఞానసుందరి వేలి కణుపుతో ఫోన్ తెరని పైకి తోస్తోంది. ఫోన్‌కి చేపల వాసన అంటితే బెన్హర్ ఊరుకోడు, బడికెళ్ళే పంతులమ్మవా, బజార్లో చేపలమ్మే మనిషివా అంటాడు. అంటే అన్నాడు. లాప్‌టాప్ వారంటీ నెలాఖరుకి అయిపోతోంది, ఈ వారంలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇంకొన్నేళ్ళు పొడిగిస్తామని కంపెనీవాళ్ళే మెయిల్ పెట్టారు గానీ వాళ్ళడిగింది ఆమె బడి జీతానికి అందేది కాదు. అదే వారంటీని సగం ధరకి ఇస్తామని ఆన్‌లైన్‌లో బోలెడుమంది ఉన్నారు. వాళ్ళలో మంచివాడెవడో, టోపీ పెట్టేవాడెవడో మొహం చూసి పోల్చుకుందామంటే అక్కడ మొహాలే లేవు.

“సగం ధరకి ఎవుడిస్తాడే? నీలాటోళ్ళ కోసమే వల పట్టుకుని కూసుంటారు ఆలు,” అన్నాడు బెన్హర్, అన్నం కలుపుకుంటూ. నెల్లిమర్లలో ఓ బియ్యం మిల్లుకి లెక్కలు రాస్తాడతను. ఇంట్లో ఏం కొన్నా బేరమాడాల్సింది తనేనని అతని నమ్మకం. భార్య కొన్నది ఏదైనా మోసపోయి కొన్నదే.

ఆ మాట పడకూడదనే సుందరి అంత జాగ్రత్తపడింది. మొదట దొరికినవాడు ఫోన్ నంబరిచ్చి డబ్బు నేరుగా దానికి పంపెయ్యమన్నాడు. ఆమె పంపలేదు. రెండోవాడు ఇది మన దేశంలో కొన్న మిషన్‌కి చెల్లుతుందా అని అడిగితే మాట దాటేశాడు. మూడో దుకాణం మీద పాత కొనుగోలుదార్లు రాసిన తిట్లన్నీ చదివింది, మెప్పుల కంటే తిట్లే నిజం చెప్తాయని ఆమెకు సంసారంలో బాగా తెలిసొచ్చింది. తర్వాత కంపెనీ హెల్ప్‌లైన్‌కి తనే ఫోన్ చేసి, ఫలానా దుకాణం మీ వారంటీ కోడ్లు అమ్మడానికి అనుమతి ఉన్నదేనా అని కనుక్కుంది. డబ్బు ఆ సైటు ద్వారానే కట్టింది. వచ్చిన కోడ్‌ని కంపెనీ పేజీలో కొట్టి, తన మిషన్ నంబరు పక్కన కొత్త తేదీ పడేదాకా కదల్లేదు.

తేదీ పడింది. చంటిపిల్లని చూపించినట్టు లాప్‌టాప్‌ని రెండు చేతులా పట్టుకెళ్ళి బెన్హర్‌కి చూపించింది. అతను టీవీ మీంచి చూపు తిప్పి, “సర్లే, టీ పెట్టు,” అన్నాడు. టీ పెట్టడానికి వెళ్తూ ఆమె ఆ పేజీలో ఇంకో గడి కూడా చూసింది. యజమాని: బెన్హర్. అందులో ఆమెకి వింతేమీ కనిపించలేదు. లాప్‌టాప్ ఆమె ట్యూషన్ల డబ్బుతో కొన్నదే. విజయనగరం షాపులో పేరేం రాయమంటారని అడిగితే, పక్కన మొగుడు లేకపోయినా, ఆమె నోట్లోంచి అతని పేరే వచ్చింది. ఆ ఇంట్లో గ్యాస్‌బండ నుంచి మిక్సీ దాకా బిల్లులన్నీ అలాగే ఉంటాయి. పెళ్ళైన కొత్తలో కుక్కరు బిల్లు తన పేరు మీద తెస్తే అత్తగారు దాన్ని తిప్పితిప్పి చూసి, “మా వోడు సంపాదించనేదనీసి ఊరంతా సాటుతావేటి?” అంది. ఆ ముక్క ఎంత లోపలికి దిగిందంటే, మళ్ళీ ఎవరూ అనాల్సిన అవసరం రాలేదు.

ఇంత తాపత్రయం ఓ మిషన్ కోసమా అంటే, కాదు. ఆ మిషన్‌లో సుందరి అమ్మ ఉంది.

గున్నమ్మ జనపనార మిల్లు కూలీలకి వండి, కేరేజీలు గంపలో పెట్టుకుని మోసిన మనిషి. ఆఖరి రోజుల్లో కూతురింట్లో ఉంది. కడుపులో కేన్సరు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, అత్తగారు వీధరుగు మీదికి చేరగానే, సుందరి లాప్‌టాప్‌ని మంచం మీద పెట్టి రికార్డు నొక్కేది. సొంత ఫోన్‌లో చోటుండేది కాదు. పిల్లల మధ్యాహ్న భోజనాల ఫొటోలు, హెడ్మాస్టరు అడిగే ఫొటోలు, అన్నీ దాన్నిండా ఉండేవి. గున్నమ్మకి మొదట సిగ్గేసింది. నా బతుకులో సెప్పడానికేటుందే అంది. తర్వాత ఆపితే ఆగలేదు. మిల్లు కూతకి ముందే లేచిన తెల్లవార్లూ, పొయ్యి పొగకి మండిన కళ్ళూ, అందరి కేరేజీలూ నిండాక గిన్నె గోకి తాను తిన్న మాడూ అన్నీ చెప్పింది. ఓసారి వానలో జారిపడి, కేరేజీలన్నీ బురదలో దొర్లితే, మొగుడు మిల్లు గేటు ముందే అందరూ చూస్తుండగా కొట్టాడట. అది చెప్పి ఆమె నవ్వింది.

“ఆ బురదన్నం కాకులు తిన్నాయే సుందరీ. నా సేతి వంట బాగుందనీసి నా బతుకులో అన్నవి ఆ కాకులే.”

ఆ మాట తర్వాత దగ్గు. దగ్గు తర్వాత మళ్ళీ నవ్వు. దూరంగా సైకిల్ గంట. అవన్నీ అందులో ఉన్నాయి. మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చిన రోజుల్లో, లోపల్నుంచి ఏదో మాటలు వినబడి బెన్హర్ అడిగేవాడు, ఏటి సేస్తన్నావని. “ఏటీ లేదు,” అనేది సుందరి. పెళ్ళైనప్పటి నుంచీ ఆ ప్రశ్నకి ఆమె జవాబు అదొక్కటే. వంట చేస్తున్నా అదే, పేపర్లు దిద్దుతున్నా అదే, ఏడుస్తున్నా అదే.

వారంటీ పొడిగించిన నెలలోనే గున్నమ్మ పోయింది. సమాధి తోటలో మట్టి ఇంకా సరిగ్గా అణగకముందే లాప్‌టాప్ ఆన్ అవడం మానేసింది. సుందరి గాభరా పడలేదు, వారంటీ ఉంది కదా. అమ్మ గొంతుకి కూడా భరోసా కొన్నాననే అనుకుందామె. హెల్ప్‌లైన్ అమ్మాయి చెప్పేదాకా తెలీలేదు, వారంటీ మిషన్‌కే గానీ లోపల దాచుకున్నదానికి కాదని. పెన్‌డ్రైవ్ ఒకటి కొనాలని ఆమె అనుకుంటూనే ఉండేది. నెల సరుకుల్లో అన్నిటికంటే చివర గుర్తొచ్చేదీ అదే, డబ్బు చాలకపోతే మొదట మానేసేదీ అదే. అయినా ఆ అమ్మాయి ధైర్యం చెప్పింది. మెకానిక్ వచ్చినప్పుడు ముందే చెప్పండి మేడమ్, దాచుకున్నవన్నీ బోర్డు మీదే ఉంటాయి, అది మార్చేలోపు తీసే దారుందేమో చూస్తాడు, తొందరపడి ఒప్పుకోకండి అంది.

సుందరి బెన్హర్‌కి చెప్పింది. మెకానిక్ నీ నంబరుకే చేస్తాడు, పేరు నీది కదా, నాకు ఫోనివ్వు, నేను లేనప్పుడు రమ్మనకు, అందులో అమ్మ మాటలున్నాయి అని చెప్పింది. పులుసు వడ్డిస్తూ చెప్పింది. అతను పేపరు చదువుతూ ఊఁ అన్నాడు.

శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి బల్ల మీద లాప్‌టాప్ తళతళా వెలుగుతోంది. బెన్హర్ మొహం కూడా వెలుగుతోంది. మిల్లు నుంచి ఓ గంట పర్మిషన్ తీసుకుని వచ్చి మరీ బాగు చేయించాడట. పైసా తీసుకోలేదట, నీ వారంటీ మంచిదేనే అని మెచ్చుకున్నాడు కూడా. పెళ్ళైన ఇన్నేళ్ళకి ఆమె కొన్నదాన్ని అతను మెచ్చుకోవడం అదే మొదలు.

తెర మీద నీలం రంగు తప్ప ఇంకేమీ లేదు. ఆమె వెతికింది. చెయ్యి కడుక్కోకుండా, చెప్పులు విప్పకుండా వెతికింది. తర్వాత అతని ఫోన్ తీసి మెకానిక్ నంబరుకి చేసింది. కుర్రాడు బైకు మీద ఉన్నట్టున్నాడు, పక్కకి ఆపి మాట్లాడాడు.

“అడిగేనమ్మా. రెండుసార్లడిగేను. బోర్డు మార్సితే లోపలున్నదంతా పోతాది సార్, కావల్సినవేటైనా ఉన్నాయా అనడిగేను. మా ఆవిడ దాన్లో ఏటుంటాది, ఏటీ నేదు, మార్సీ అన్నారు. పాత బోర్డు మా దగ్గరుండదమ్మా, కంపెనీకి ఎల్లిపోతాది. అక్కడ తుడిసేస్తారు.”

సుందరి గోడకి జారబడి కూర్చుండిపోయింది. మంచం మీద పోయిన రోజు కూడా అమ్మ ఇంత పోలేదు. అప్పుడు శరీరం పోయింది, గొంతు మిగిలుందన్న ధైర్యంతోనే ఆమె శవపెట్టె వెనకాల నడవగలిగింది. ఇప్పుడు ఆ గొంతూ పోయింది. దానికి ప్రార్థన చేసేవాళ్ళు లేరు, పాట పాడేవాళ్ళు లేరు, పరామర్శకి వచ్చేవాళ్ళు లేరు. పోయిందని కూడా ఎవరికీ తెలీదు.

“అదేటే అలాగైపోనావు? సెప్పొచ్చు కదా ముందు,” అన్నాడు బెన్హర్.

“సెప్పేను.”

అతను నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. అదే ఆమెకి మరీ నొప్పయింది. అతను చెడ్డవాడై చేసుంటే తిట్టి ఏడవొచ్చు. ఆమె చెప్పింది అతనిలో ఎక్కడా పడనేలేదు, అంతే.

“అయినా మీ యమ్మ మాటలే కదా,” అన్నాడు చివరికి, ఊరడించే గొంతుతోనే. “నీకు గుర్తుండిపోతాయి.”

గుర్తున్నాయి. మాటలు గుర్తున్నాయి. కానీ ఆ రాత్రీ, మర్నాడూ ఎంత ప్రయత్నించినా దగ్గు ముందో నవ్వు ముందో చెప్పలేకపోయింది. తలుచుకునే కొద్దీ అమ్మ గొంతులోకి తన గొంతు వచ్చి కలుస్తోంది. ఏటీ నేదు అన్న మాట బెన్హర్‌కి ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఆమెకి తెలుసు. రోజూ తన నోటితో తనే అతనికి అప్పజెప్పింది. కాకపోతే ఆమె అనే ఏటీ లేదుకి అర్థం, నువ్వు అక్కర్లేదు, వెళ్ళు అని. అతను దాన్ని పొల్లు పోకుండా నమ్మాడు.

ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆమె వంటింట్లోకి వెళ్ళలేదు. లోపలి గదిలో లాప్‌టాప్ తెరిచింది. లోపలంతా కొత్తదైపోయిన మిషన్ కదా, ఎవరు వాడతారో పేరు చెప్పమంది. హాల్లోంచి బెన్హర్, నా పేరే కొట్టీ, వారంటీ దాని మీదే ఉంది కదా అన్నాడు. ఆమె జ్ఞానసుందరి అని కొట్టింది. వారంటీకి ఇంకా ఏళ్ళున్నాయి. బిల్లు పేరు మార్పించాలంటే ఏం కావాలో సోమవారం కనుక్కోవాలి, విజయనగరం షాపుకి తనే వెళ్ళాలి.

రికార్డు నొక్కింది. బడిలో పిల్లల ముందు మాట్లాడే మాట నోటికొస్తే దాన్ని వెనక్కి నెట్టేసి, చిన్నప్పుడు మిల్లు వీధిలో మాట్లాడిన మాట కోసం వెతుక్కుంది.

“మా యమ్మ పేరు గున్నమ్మ,” అంది. “ఓపాలి వానలో జారిపడిపోనాది.”

అక్కడ ఏడుపొచ్చింది. రికార్డు ఆపలేదు. ఏడుపు కూడా అందులోకి వెళ్ళనిచ్చింది. హాల్లో కుర్చీ కదిలిన చప్పుడైంది, గుమ్మం దగ్గరికి అడుగులొచ్చాయి.

“ఏటి సేస్తన్నావే లోపల?”

అలవాటైన జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. సుందరి దాన్ని మింగేసింది.

“మా యమ్మ గురించి సెప్తన్నాను,” అంది, రికార్డు ఆపకుండానే. “సేనా ఉన్నాది. అన్నం నువ్వొండుకో.”