ఎడమ వైపు ఆకాశం

సత్యవేదం గారు చార్టులో ఆఖరి వరస కూడా గడగడా చదివేశారు.

"చూశావామ్మా, ఇంకా గద్ద కళ్లే!" అన్నారు నవ్వుతూ.

కళ్ల డాక్టర్ ఫెయిత్ నవ్వలేదు. అంతకు ముందు పక్క చూపు కోసం చేసిన ఫీల్డ్ టెస్ట్ రిజల్ట్ ఆమె ముందుంది. గిన్నెలాంటి మెషీన్‌లోకి చూస్తూ ఎక్కడ లైటు మెరిసినా బటన్ నొక్కాలి. ఎడమ పక్క మెరిసినవాటికి ఆయన దాదాపు నొక్కనే లేదు. గ్లాకోమా. ఎదురుగా ఉన్నది చక్కగా కనిపిస్తుంది కాబట్టి, పక్కన ఉన్నది పోయిందని మనిషికి తెలీదు.

ఆమె పెళ్లికి ఒంగోలు నుంచి నాన్నకి వీసా రాకపోతే, చెయ్యి పట్టుకుని చర్చిలో ఆల్టర్ దాకా నడిపించింది సత్యవేదం గారే. కాల్గరీలో పైప్‌లైన్ కంపెనీ నుంచి రిటైరయ్యాక ఆయన విమానం నడపడం నేర్చుకున్నారు. రిక్రియేషనల్ పర్మిట్ ఉంది. దాని మీద పగటిపూటే ఎగరాలి, పక్కన ఒక్కరినే ఎక్కించుకోవాలి, ఆరోగ్యం బాగుందని డాక్టర్ సంతకంతో డిక్లరేషన్ ఇస్తూ ఉండాలి. తెలుగు సంఘంలో సగం మంది ఆయన పక్క సీట్లో కూర్చుని ఎగిరొచ్చినవాళ్లే. ఫెయిత్ కూడా.

అందుకే ఆయన పైలట్ అని తెలీదనడానికి లేదు. పైలట్ కళ్లలో ప్రమాదం తెచ్చే లోపం కనిపిస్తే, విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ శాఖ ట్రాన్స్‌పోర్ట్ కెనడా డాక్టర్లకి వెంటనే చెప్పాలని చట్టం. పేషెంట్ ఒప్పుకోనక్కర్లేదు.

"అంకుల్, మీరింక ఎగరకూడదు. నేను రిపోర్ట్ చెయ్యాలి."

ఆయన మొహం మీద నవ్వు అలాగే కాసేపు ఉండిపోయింది. "డ్రాప్స్ వేసుకుంటే తగ్గదా?"

"ఉన్నది నిలబడొచ్చు. పోయింది తిరిగి రాదంకుల్."

ఆయన తల దించుకుని చొక్కా గుండీ సర్దుకున్నారు. "సోమవారం నేనే ఫోన్ చేసి చెప్తానమ్మా. వాళ్లు లాక్కున్నట్టు కాకుండా నేనే వదిలేసుకున్నట్టుంటుంది. తర్వాత నువ్వు పంపించు. ఈ ఒక్క మాట వినవూ?"

శుక్రవారం సాయంత్రం అది. మర్నాడు ఎండ కాస్తుందని ఆమెకి తెలుసు. ఎండ కాసిన శనివారం ఆయన ఎక్కడుంటారో కూడా తెలుసు. ఈలోగా ఎగరనని మాటివ్వండి అని అడగాలి. నోటిదాకా వచ్చింది. ఆయన ఇవ్వనంటే రిపోర్ట్ అప్పటికప్పుడు పంపక తప్పదు. అడగలేదు.

"సరే అంకుల్. సోమవారం" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర సత్యవేదం గారి భార్య రూపవతి ఆంటీ ఫెయిత్‌ని పక్కకి లాగింది. విమానం పేరెత్తితే చాలు ప్రార్థన మొదలుపెట్టే మనిషి, ఆ రోజు మొహం వెలిగిపోతోంది.

"నిన్న ఎక్కానే! ఏళ్ల తరబడి అడుగుతున్నారు, నిన్నైతే మరీ బతిమాలారు. పోనీలే అని ఎక్కా. ఆ కొండలూ ఆ మంచూ... దేవుడు ఎంత అందంగా చేశాడే! దిగేటప్పుడైతే ఇంకో విమానం ఎంత దగ్గరికొచ్చిందనుకున్నావ్! లోపలున్నావిడ మొహం కూడా కనపడింది. నేను చెయ్యి ఊపా. మీ అంకుల్ అసలు చూడనే లేదు."

"ఏ పక్క నుంచి ఆంటీ?"

"ఆయన పక్క. ఎడమ వైపు. ఏం?"

ఫెయిత్ ప్లేటు అక్కడే కుర్చీలో పెట్టేసింది. కారెక్కి క్లినిక్‌కి వెళ్లి, తాళం తీసి, రిపోర్ట్ పంపేసింది. నాలుగు లైన్ల పని. శుక్రవారం పంపి ఉన్నా నాలుగు లైన్లే.

అక్కణ్ణుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లింది. ఆంటీ టీ పెట్టబోతుంటే వద్దని, జరిగిందంతా చెప్పింది. సత్యవేదం గారు సోఫాలో ముడుచుకుపోయారు.

"ఆ విమానంలో ఆవిడ పక్కనే ఉన్నానని రేడియోలో చెప్పింది. విన్నాను. అటు చూశాను కూడా. ఏమీ కనపడలేదు రూపా" అన్నారు.

ఆంటీ ఫెయిత్ వైపు తిరిగింది.

"నీకు శుక్రవారమే తెలుసా?"

"తెలుసాంటీ."

"ఆయనకైతే పిచ్చి. ఒక్కసారి నన్ను ఎక్కించుకోవాలని పిచ్చి. నీకేమైందే?"

ఫెయిత్‌కి మొహమాటం అన్న మాట నోటికి తెచ్చుకోవడానికే సిగ్గేసింది.

ఆంటీ టీ గిన్నె కింద స్టవ్ ఆపేసింది. "నేను చెయ్యి ఊపినావిడ ఎవరో కనుక్కోండి. ఆవిడకి చెప్పాలి" అంది.

ఆమె పేరు డార్లీన్. ఎయిర్‌ఫీల్డ్ దగ్గర ఊళ్లో స్కూల్ బస్సు నడుపుతుంది. విమానం నడపడం నేర్చుకుంటూ, ఆ శనివారం ఒంటరిగా ఎక్కింది. ముగ్గురూ వెతుక్కుంటూ వెళ్లేసరికి బస్సు షెడ్డు ముందు అద్దం తుడుస్తోంది. సత్యవేదం గారు తన పేరు చెప్పి, ఆ రోజు పక్క విమానం నడిపింది తనేనన్నారు.

డార్లీన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "నేనే విమానాన్ని తప్పుగా తిప్పాననుకున్నాను. ఎంత తలుచుకున్నా ఎక్కడ తప్పిందో తెలీలేదు. క్లాసులు మానేశాను. పైగా మీ విమానంలోంచి ఎవరో చెయ్యి ఊపారు. నన్ను ఎగతాళి చేస్తున్నారనుకున్నా."

"ఊపింది నేను. నాకేమీ తెలీదు" అంది రూపవతి ఆంటీ, వచ్చిన కాస్త ఇంగ్లీషులో.

"మీ తప్పేం లేదు. నాకు ఎడమ పక్క కనపడదు. తెలిసి కూడా ఎక్కాను" అన్నారు సత్యవేదం గారు.

డార్లీన్ ఫెయిత్ వైపు చూసింది. "మీరెవరు?"

"ఈయన కళ్ల డాక్టర్ని. ముందు రోజే నాకు తెలుసు. చెప్పాల్సినవాళ్లకి చెప్పలేదు."

డార్లీన్ తిడుతుందనుకుంది ఫెయిత్. తిట్టలేదు. "నాకిద్దరు పిల్లలు" అని మాత్రం అని, బస్సు చుట్టూ తిరిగి అటు పక్క అద్దం తుడవడానికి వెళ్లిపోయింది.

పర్మిట్ సస్పెండయింది. సత్యవేదం గారు ఇంకొందరితో కలిసి కొన్న ఆ విమానంలో తన వాటా అమ్మేశారు. ఫెయిత్ తనకి లైసెన్స్ ఇచ్చిన సంస్థకి తన ఆలస్యం గురించి తనే రాస్తే, వాళ్లు హెచ్చరించి వదిలేశారు. ఇంకాస్త గట్టిగా శిక్షించి ఉంటే బాగుండేదనిపించింది. డార్లీన్ మళ్లీ క్లాసులకి వెళ్తోందని ఎవరో చెబితే, కారులో కూర్చుని ఏడ్చింది. అయినా గుండెల్లో బరువు దిగలేదు.

రూపవతి ఆంటీ భర్తని వేరే క్లినిక్‌కి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. చర్చిలో ఎదురైతే "వందనాలు" అని పక్క నుంచి వెళ్లిపోయేది.

చలికాలం మధ్యలో ఒక ఆదివారం మాత్రం ఆగింది. కోటు గుండీలు పెట్టుకుంటూ, ఫెయిత్ మొహంలోకి చూడకుండా అంది:

"డ్రాప్స్ వేయించుకోవడం లేదు. ఇంక దేనికి, ఎగిరేది లేదు కదా అంటారు. ఉన్న చూపు కూడా పోతుందంటే వినరు. నా మాట లెక్కలేదు. నువ్వొకసారి వచ్చి చెప్పు."

"నా మాట వింటారంటారా ఆంటీ?"

"వినకపోతే గట్టిగా చెప్పు. ఈసారైనా" అంది ఆంటీ.

ఫెయిత్ తలూపి, బయట మంచులో ఆమె వెనకే కారు దాకా నడిచింది.