ముందు సీటు

వ్యాను సీట్లు తడిగుడ్డతో తుడుస్తున్నంతసేపూ కండక్టరు డ్రైవరు వైపు చూడలేదు. చూసి చాలా కాలమైంది. మాట్లాడి ఇంకా ఎక్కువ కాలమైంది. ఏదైనా చెప్పాలంటే మెడలో వేలాడే ఈల ఊదుతాడు. ఒక ఈల ఆపమని, రెండు ఈలలు పొమ్మని. ఇరవై ఏళ్లు ఒకే బస్సులో తిరిగినవాళ్లకు అంతకంటే మాటలెందుకులే అని చూసేవాళ్లు అనుకుంటారు. సంగతి అది కాదు. ఊళ్లు ఖాళీ చేసిన రోజున కండక్టరు ఒక ఈల ఊదాడు. ఆ డ్రైవరు వెధవ ఆపలేదు.

రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడింది కండక్టరు అక్క. తల్లి పోయాక అతన్ని పెంచిన మనిషి. మోకాళ్ల నొప్పులతో పరిగెత్తలేదు కాబట్టి అందరికంటే ముందే వచ్చి, బస్సు ఆగే చోటనే నిలబడింది. తమ్ముడి బస్సు, ఎందుకు ఆగదు? వెనక గుండ్లు పడుతున్నాయి. జనం బస్సు కిటికీలు పట్టుకుని వేలాడుతున్నారు. డ్రైవరు కాలు ఆక్సిలేటరు మీది నుంచి లేవలేదు. ఎత్తిన చెయ్యి దించకుండానే అక్క వెనక్కి వెళ్లిపోయింది, చిన్నదైపోయింది. ఆ తర్వాత ఆమె కబురు తెచ్చినవాడు లేడు.

ఇప్పుడా బస్సూ లేదు, ఆ రూటూ లేదు. బస్సును సైన్యం లాక్కుంది. మిగిలింది ఈ వ్యాను. ఒకప్పుడు బడిపిల్లల్ని తిప్పిన బండి. పక్కల మీద పలకలు పట్టుకున్న పిల్లల బొమ్మలు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి. సీట్లు పిల్లల కొలతకు చేసినవి, పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. మూతపడిన నూలుమిల్లులో తలదాచుకున్న జనంలో జబ్బు ముదిరినవాళ్లను రోజూ పట్నం పెద్దాసుపత్రికి చేర్చడం, నయమైనవాళ్లను తిరిగి తేవడం కండక్టరు పని. నెలకోసారి కారులో దిగే సహాయ సంస్థ ఆఫీసరు దీన్ని సమన్వయం అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా రెండు చేతుల వేళ్లూ ఒకదాంట్లో ఒకటి జొనిపి చూపిస్తాడు. చిన్నప్పుడే బడి మానేసిన కండక్టరుకు మాత్రం ఇది సీట్లు నింపడమే. బస్సులో అయితే ఎక్కేవాడు ఎక్కడికి పోవాలో తనే చెబుతాడు. ఇక్కడ ఎక్కించేవాడు చెప్పాలి. అంతే తేడా.

మిల్లు తూకం గదిలో ఆసుపత్రి పెట్టారు. ఒకప్పుడు పత్తి బేళ్లు తూచిన కాటా మీద ఇప్పుడు పసిపిల్లల్ని తూస్తున్నారు. గోడ మూలల్లో ఇంకా దూది పోగులు వేలాడుతుంటాయి, ఎవరైనా గట్టిగా దగ్గితే అవి ఊగుతాయి. కండక్టరు లోపలికొచ్చి ఫోను తీసి పెద్దాసుపత్రి వార్డు ఆయాతో మాట్లాడాడు. ఆడవాళ్ల వార్డులో ఒక మంచం ఖాళీ అయిందంది ఆమె. ఆ మంచం మనిషి ఇంటికి వెళ్లిందా, ఇంకెక్కడికైనా వెళ్లిందా అని అతను అడగలేదు. ఎప్పుడూ అడగడు.

"ఆ మంచం ఈ పిల్లకి," అంది నర్సమ్మ, గోడవారగా చాప మీద పడుకున్న గర్భిణిని చూపిస్తూ. "ఎనిమిదో నెల. తెల్లారి నుంచీ రక్తం పోతోంది. మాయ కిందికుంది. వెనక సీట్లో చక్రాల మీద కూర్చోబెడితే ఆ కుదుపులకి దారిలోనే పోతుంది. ముందు సీటు వెనక్కి వాల్చి తీసుకెళ్లాలి. ఒప్పించుకో."

ఒప్పించుకో అనడం సులువు.

వ్యానులో స్ప్రింగులున్న సీటు అదొక్కటే, డ్రైవరు పక్కది. వెనక్కి వాలుతుంది, గుంటల్లో కుదుపు తెలియదు. అందుకని మొదట్లో కండక్టరు అన్నిటికంటే ప్రాణం మీదికొచ్చినవాళ్లను అందులో కూర్చోబెట్టాడు. ప్రాణం మీదికొచ్చినవాళ్లు కాబట్టి వాళ్లలో ఎక్కువమంది తిరిగి రాలేదు. జనం రెండో మాట పట్టుకుని మొదటి మాట వదిలేశారు. ఇప్పుడు మిల్లులో ఆడవాళ్లు కొళాయి దగ్గర పోట్లాడుకుంటే "నిన్ను ముందు సీట్లో ఎక్కించ" అని తిట్టుకుంటున్నారు. పేకాటలో ఓడినవాణ్ణి "ముందు సీటు ఖాయం చేశాడ్రా" అని వెక్కిరిస్తున్నారు. నవ్వులాటగానే ఉండేది, రోగం దాచుకోవడం మొదలుపెట్టేదాకా. ఆ సీట్లో పడేస్తారేమోనని గుండెనొప్పిని గ్యాసంటున్నారు, రక్తపు కళ్లెను తమలపాకంటున్నారు. నడవలేని స్థితిలో బయటపడేసరికి ఇక సీటుతో పనుండదు.

దీనికి కండక్టరు తనకు తోచిన వైద్యం ఒకటి మొదలుపెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు తనే ముందు సీట్లో కూర్చుని, మిల్లు గేటు దగ్గర జనం చూసేలా తల బయటపెట్టి దిగుతాడు. కూర్చున్నాను, చావలేదు, చూసుకోండి అని.

"మా కోడల్ని చంపుతావా నాయనా?" అంది గర్భిణి అత్తగారు, వ్యాను తలుపుకు అడ్డంగా నిలబడి. "మా వాడు యుద్ధంలో పోయాడు. వాడి నలుసు ఇదొక్కటే. ఆ సీట్లో నేనెక్కనివ్వను."

"రోజూ నేను కూర్చోవట్లేదా పెద్దమ్మా? నాకేమైంది?"

"నువ్వు వచ్చేటప్పుడు కూర్చుంటావు. పోయేటప్పుడు కూర్చో చూద్దాం!"

చుట్టూ చేరినవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పోస్టుమాస్టరు నవ్వలేదు. ఊళ్లు పోయినా, పోస్టాఫీసు పోయినా ఆయన పేరు మాత్రం పోస్టుమాస్టరే. వారం రోజులుగా మెట్లెక్కితే ఛాతీ పట్టుకుంటున్నాడు. రేపటి ముందు సీటు ఆయనదని నర్సమ్మ ఎప్పుడో చెప్పింది. గ్యాసు మందిస్తే చాలంటాడు ఆయన.

"ఈ పిల్ల క్షేమంగా గట్టెక్కితే రేపు మీరెక్కుతారా?" అన్నాడు కండక్టరు ఆయనతో, అందరికీ వినపడేలా.

"ముందు ఆ పిల్లని గట్టెక్కనీ. నాకింకా పెన్షను కాగితాలు రావాలి, తొందరేం లేదు," అన్నాడు పోస్టుమాస్టరు. ఈసారి అందరూ నవ్వారు.

కండక్టరు అత్తగారి వైపు తిరిగాడు. "సరే పెద్దమ్మా. పోయేటప్పుడే కూర్చుంటా. నీ కోడలి పక్కనే. పోతే ఇద్దరం పోతాం."

ఆమె పక్కకు జరిగింది. నలుగురూ చాపతో సహా కోడలిని ఎత్తి సీట్లో వాల్చారు. ఎత్తేటప్పుడు కండక్టరు ఎడమ చెయ్యి భుజం నుంచి చిటికెన వేలిదాకా గుంజింది. నుదుటి మీద చెమట చూసి నర్సమ్మ ఏమైందని అడిగింది.

"గ్యాసు," అన్నాడు.

సీటుకూ డ్రైవరుకూ మధ్య ఇంజను మూత ఉంటుంది. దాని మీద గోనెపట్టా మడిచి వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లు కాలుతోంది. కుడి మోకాలు గేరు రాడ్డుకు, ఎడమ భుజం కోడలి తలకు. డ్రైవరు మోచెయ్యి గేరు మార్చినప్పుడల్లా తగులుతోంది. ఇంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్లయిందో. రెండు ఈలలు ఊదాడు. బండి కదిలింది.

రోడ్డు నిండా గుండ్లు పడ్డ గుంటలు. డ్రైవరు ఒక్కొక్క గుంటనూ పక్కనుంచి, అంచు మీదుగా, పాలగిన్నె మోసేవాడిలా దాటించాడు. కోడలు కళ్లు మూసుకుని కండక్టరు చొక్కా కొస పట్టుకుంది. వెనక సీట్లో అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

చెక్‌పోస్టు దాటాక డ్రైవరు రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అన్నాడు, "ఆ రోజు ఆపితే అందరం పోయేవాళ్లంరా."

"రోడ్డు చూసి నడుపు."

అన్నాక గాని కండక్టరుకు తను మాట్లాడినట్టు తెలియలేదు.

పట్నం వీధుల్లో కొట్లవాళ్లు వ్యానును చూసి "మిల్లు బండి వచ్చింది" అని ముక్కులు మూసుకున్నారు. ఆసుపత్రిలో ఎప్పటి తంతే. రక్తం ఇచ్చేవాళ్లను మీరే తెచ్చుకోవాలన్నాడు కౌంటరు మనిషి. కండక్టరు టీకొట్టు దగ్గర తెలిసిన రిక్షావాళ్లను బతిమాలాడు. వాళ్లలో ఒకడిది సరిపోయింది. ఇంకా కావాలన్నారు. డ్రైవరు చొక్కా చెయ్యి మడుచుకుని లోపలికి వెళ్లాడు, వెళ్లొచ్చి వ్యాను నీడలో కూర్చున్నాడు. కండక్టరు టీ తెచ్చి అతని పక్కన నేల మీద పెట్టాడు. చేతికివ్వలేదు.

మధ్యాహ్నం దాటాక ఆపరేషను గది తలుపు తీసుకుని ఆయా వచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. అత్తగారు కండక్టరు రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "ఆ సీటుకి దండం పెట్టుకుంటా నాయనా," అంది.

"దండాలొద్దు పెద్దమ్మా. మిల్లుకొచ్చాక కొళాయి దగ్గర నాలుగు మాటలు చెప్పు, చాలు."

పెద్ద డాక్టరు సంతకాలు పెట్టకుండానే వెళ్లిపోవడంతో ఆ రోజు తిరిగి రావలసినవాళ్లంతా మర్నాటికి ఆగిపోయారు. వెనక సీట్లలో మందుల పెట్టెలు తప్ప ఎవరూ లేరు. కండక్టరు అలవాటు ప్రకారం ముందు సీటెక్కాడు. సీటు ఇంకా వెనక్కి వాలే ఉంది. నిటారుగా చెయ్యబోయాడు, చెయ్యి లేవలేదు. అలాగే వాలి కూర్చున్నాడు. గేటు దగ్గర చెప్పవలసిన మాటలు లోపల పేర్చుకుంటున్నాడు. పోస్టుమాస్టరు ఇక ఏ వంక పెడతాడో చూడాలి.

ఎండ వాలుతోంది. చాలా దూరం వచ్చాక అన్నాడు, "చెయ్యెత్తే నిలబడిందిరా."

"తెలుసు," అన్నాడు డ్రైవరు. "అద్దంలో చూశాను. కనపడినంతసేపూ చూశాను."

కండక్టరు కిటికీ వైపు తిరిగాడు. పొలాలు పోతున్నాయి. ఎవరూ కొయ్యని పంట నిలువునా ఎండిపోయి ఉంది. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. పిలవాలనుకున్నాడు, గొంతు రాలేదు. కుడిచెయ్యి మాత్రం దారి తెలిసినట్టు మెడలోకి పోయింది.

ఒక ఈల. సన్నగా, సగంలో తెగిపోయింది.

డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. మందుల పెట్టెలు ముందుకు దొర్లాయి. బండి రోడ్డుకు అడ్డంగా తిరిగి ఆగింది.

"ఆపానురా," అన్నాడు. "ఇదిగో, ఆపాను."

కండక్టరు తల కిటికీ వైపు వాలి ఉంది. కళ్లు రోడ్డు పక్కకు చూస్తున్నాయి.

డ్రైవరు అతన్ని కుదిపాడు, ఛాతీ రుద్దాడు, మొహం మీద నీళ్లు చల్లాడు. ఆసుపత్రికి వెనక్కి తిప్పుదామనుకున్నాడు. చెక్‌పోస్టు మూసే వేళ అయింది, పైగా ఒళ్లు చల్లబడిపోతోంది. ఇంజను ఆపేసి చాలాసేపు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. తల ఎత్తేసరికి కనపడింది, స్నేహితుడు కూర్చున్న సీటు ఏదో.

మిల్లు గేటు దగ్గర జనం నిలబడి ఉంటారు. వాళ్లకు తల్లీబిడ్డల సంగతి వినపడదు. ఇదే కనపడుతుంది.

పొద్దున రక్తమిచ్చిన ఒంట్లో బలం లేదు. అయినా చంకల కింద చేతులు వేసి లాగాడు. కాళ్లు తలుపుకు తట్టుకున్నాయి. ఒకసారి జారి ఇద్దరూ రోడ్డు మీద పడ్డారు. మళ్లీ ఎత్తుకుని, మందుల పెట్టెలు జరిపి, వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. పడకుండా తువ్వాలుతో సీటు కడ్డీకి కట్టాడు. చొక్కా సర్దాడు. ముందు సీటు నిటారుగా లేపి, దుమ్ము దులిపాడు.

గేటు దగ్గర బండి ఆగగానే అందరూ ముందు కిటికీలోకి చూశారు.

"ఇద్దరూ క్షేమం. ఆడపిల్ల," అన్నాడు డ్రైవరు గట్టిగా. "ముందు సీట్లోనే పోయింది. అందుకే బతికింది."

"మరి మన కండక్టరేడి?"

"వెనక సీట్లో. దారిలో నిద్రపోయాడు." డ్రైవరు ఇంజను ఆపాడు. "నిద్రలోనే పోయాడు. వెనక సీట్లో."

నర్సమ్మ లోపలికెక్కి నాడి చూసింది. వీపుకంటిన రోడ్డు మట్టి చూసింది, తువ్వాలు ముడి చూసింది. డ్రైవరు వంక ఒకసారి చూసి, "అవును, వెనక సీట్లోనే," అంది.

ఆ రాత్రికే మిల్లు వెనక పూడ్చేశారు.

మర్నాడు పొద్దున సీట్లు ఎవరూ తుడవలేదు. పోస్టుమాస్టరు చేతిసంచీ పట్టుకుని వచ్చి, అందరూ చూస్తుండగా ముందు సీటెక్కాడు. "పెన్షను రాకముందే పోతే ఆ పాపం నీదే," అన్నాడు డ్రైవరుతో. ఎవరూ నవ్వలేదు. వెనక సీట్లు నిండాయి. ఇంజను తిరుగుతోంది. బండి మాత్రం కదలడం లేదు. డ్రైవరు గేరు మీద చెయ్యి వేసుకుని, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాడు.

పోస్టుమాస్టరుకు తొడ కింద ఏదో గుచ్చుకుంది. సీటు సందులో చెయ్యి పెట్టి పైకి లాగాడు. తెగిన తాడుతో ఈల. దాన్ని చూశాడు, కూర్చున్న సీటును చూశాడు, డ్రైవరు మొహంలోకి చూశాడు. డ్రైవరు చూపు తిప్పుకోలేదు. పోస్టుమాస్టరు రంగు మారింది. సంచీ మీద చెయ్యి బిగిసింది. దిగలేదు. ఈలను మెల్లగా బండి ముందద్దం కింద గట్టు మీద పెట్టి, సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నాడు.

వ్యాను కదిలింది. పట్నం చేరేదాకా, నోటి దగ్గర పంటిగాట్లు పడ్డ ఆ ఇత్తడి ఈల, గుంట వచ్చినప్పుడల్లా అద్దం అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు దొర్లుతూనే ఉంది.