అందరి నాన్నా రైతే

ఆ సాయంత్రం కోచింగ్ సెంటర్‌లో అనిల విసుగ్గా కూర్చుంది. కామారెడ్డిలో ఇంగ్లీషు నేర్పిస్తామని బోర్డు పెట్టిన ప్రభుదాసు సారు నేర్పించేది తమ గురించి తాము చెప్పుకునే ఒకే ఒక్క పేరా. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఫార్మాట్. పిల్లలు తమ పేరూ ఊరూ మార్చుకోవాలి, మిగతాదంతా చిలక పలుకులే.

"మొదటి నుంచి గ్రామర్ చెప్తే సొంతంగ మాట్లాడుతరు సార్" అని అక్కడే పాఠాలు చెప్పే అనిల ఎంత మొత్తుకున్నా ఆయనది ఒకటే మాట. "తల్లిదండ్రులకు గ్రామర్ కనబడతదా మేడమ్? మైకుల మాట్లాడితే కనబడతది."

ఇవాళ ఆ తల్లిదండ్రులను పిలిచి చూపించే రోజు. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని అదే పేరా అప్పజెప్పారు. ఛీ, అందరి నాన్నా రైతే, అందరి హాబీ పుస్తకాలు చదవడమే! గంజ్ బజారులో కిరాణా దుకాణం ఉన్నాయన కొడుకు కూడా రైతుబిడ్డ అయిపోయాడు.

చివరికి హారిక లేచింది. ఎల్లారెడ్డి ఊరి పిల్ల. తల్లి యాదవ్వ బీడీలు చుట్టి చదివిస్తోంది. తెల్లవారితే ఒక ప్రైవేటు దవాఖానలో రిసెప్షన్ కొలువుకు ఇంటర్వ్యూ. అది దొరికితే యాదవ్వ చేతులకు కాస్త విశ్రాంతి.

"మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. హి ఎంకరేజెస్ మి ఎవ్రీ డే" అంది హారిక తడబడకుండా.

అనిలకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల నాన్న లారీ డ్రైవరు. నిరుడే యాక్సిడెంటులో పోయాడు. ఆ సంగతి ప్రభుదాసుకూ తెలుసు. ముందు వరసలో యాదవ్వ మాత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

చాయ్ తాగేటప్పుడు ఆమె అనిల దగ్గరకు వచ్చింది. "మా పిల్ల ఫాదర్ అన్నది గద మేడమ్. వాళ్ళ బాపు గురించి ఏం జెప్పింది?"

అబద్ధమాడడానికి అనిలకు నోరు రాలేదు. "రైతు అని చెప్పిందవ్వా. రోజూ తనను మంచిగ చదువుమంటడని చెప్పింది."

యాదవ్వ గ్లాసు బెంచీ మీద పెట్టేసింది. హారిక తల దించుకుంది. ప్రభుదాసు నవ్వుతూ వచ్చాడు. "అది ఫార్మాట్ అమ్మా. అందరు గట్లనే జెప్తరు."

"వాళ్ళ బాపు సచ్చిపోయిండని జెప్పనీకి ఇంగ్లీషుల ఎన్ని మాటలు గావాలె సార్?"

ఆయన మైకు వైపు తిరిగాడు. అనిలే చెప్పింది. "మూడు చాలు అవ్వా."

"ఇన్ని నెల్ల సంది వస్తున్నది. ఆ మూడు మాటలు మీరు నేర్పియ్యలేదా మరి?"

అనిల మైకు తీగ పీకేసింది. బోర్డు తుడిచి, హారికను ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది. "మీ బాపు గురించి చెప్పు. తప్పులు వస్తే రానియ్."

పిల్ల ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మాటమాటకూ ఆగింది, వెతుక్కుంది.

ఈసారి యాదవ్వ చప్పట్లు కొట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని విన్నది.